సంస్థానాన్ని నిలిపిన కాగితాలు

పట్టాలందుకున్న విద్యార్థులారా! విజయనగరం పూసపాటి వారి పేరు చెబితే మనవైపు అందరికీ రెండు యుద్ధాలు గుర్తొస్తాయి. 1757లో బొబ్బిలి కోట కూలింది గానీ, గెలిచిన పెద విజయరామరాజును మూడు రోజులు తిరక్కుండానే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు గుడారంలో చంపాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో కూలాడు. కత్తి పట్టిన ఇద్దరూ పోయారు, వంశం మాత్రం నిలిచింది. దాన్ని నిలిపింది దత్తతలు, సన్నదులు, లెక్కల కాగితాలేనని నా వాదన. పెద విజయరామరాజు తరవాత గద్దెనెక్కిన ఆనందరాజు 1760లో మశూచితో పోతే, దత్తుకొచ్చిన పిల్లవాడే ఈ చిన విజయరామరాజు. పెత్తనం దివానుగా ఉన్న అన్న సీతారామరాజుది. పద్మనాభం గొడవకు మూలం కూడా పేష్కష్ (కంపెనీకి కట్టే కప్పం) బకాయిలే. 1897లో ఆ వంశపు మహారాజు ఆనందగజపతి పిల్లలు లేకుండా పోయాక తల్లి చేసిన దత్తత కోర్టుకెక్కింది. ఇంగ్లండులోనూ ఇదే తంతు. నైటు బిరుదున్న సర్ జాన్ పాస్టన్ (1442–1479) కుటుంబం కైస్టర్ కోటను వీలునామా బలంతో పొంది, 1469 ముట్టడిలో పోగొట్టుకుని, చివరికి 1476లో తిరిగి దక్కించుకుంది. జాన్ తల్లి మార్గరెట్ ఉత్తరాలు చదివితే ఆ ఇంటి బరువు ఎవరు మోశారో తెలుస్తుంది.

కత్తికి విలువే లేదా అని మీరు అడగొచ్చు. ఉంది. పద్మనాభం తరవాత చిన విజయరామరాజు కొడుకు, బాలుడైన నారాయణరాజు వెనక మన్యం దొరలు నిలబడబట్టే కంపెనీ వెనక్కి తగ్గింది. అయితే ఆ భయం చేతికిచ్చింది చిక్కిపోయిన జమీ. 1802 శాశ్వత పరిష్కారంలో 1,157 గ్రామాలు, ఏటా 5 లక్షల రూపాయల పేష్కష్. అంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటుంది: ఈ కాగితాలన్నీ దొరలు తమకోసం రాయించుకున్నవే, ఆ 5 లక్షలు పండించిన రైతు వాటిలో ఎక్కడ? నిజమే, దీన్ని నేను కాదనలేను. రైతు అక్కడ శిస్తు అంకెగానే ఉన్నాడు, మనిషిగా లేడు. కానీ ఆ జమీందారీని తీసేసింది మాత్రం ఏ తిరుగుబాటు కత్తీ కాదు, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం. అదీ కాగితమే. రేపు మీలో కొందరు ప్లీడర్లవుతారు, కొందరు రెవెన్యూ కొలువుల్లో చేరతారు. అడంగల్ (ఊరి సాగు లెక్కల దస్తరం) మీ చేతికొచ్చిన రోజున, సాగు చేస్తున్న కౌలుదారు పేరు అందులో లేకపోతే, విచారించి రాయించండి.