మన ఊరి లెక్క మన పిల్లలు చదవాలి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల పైచదువుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి సాబ్ నన్ను కోరారు. నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే సోషల్ పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నా తెలుగు ఈ రఘునాథపల్లి గల్లీల్లో, అంగట్లో, రైలు స్టేషన్లో నేర్చుకున్న తెలుగు. తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించండి.

ఇంజనీరింగు, ఫార్మసీ, నర్సింగుల గురించి చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను వాటి జోలికి పోను. మన ఇండ్లల్లో ఎవరూ పేరెత్తని ఒక చదువు గురించి చెప్తాను. దాన్ని ఇంగ్లీషులో ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ అంటారు. మన దేశపు విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా డెవలప్‌మెంట్ స్టడీస్ అనే పేరు వాడతారు. దేశదేశాల అభివృద్ధి ఎట్లా జరిగింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని విచారించే శాస్త్రం అది.

కొన్ని నెలల కింద, మా బడిలో చదివి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. "సార్, నేను డిగ్రీలో ఈ చదువు చదువుత. మీరే అబ్బాకు చెప్పాలె" అన్నది. తండ్రి కష్టజీవి. ఆయన నన్ను ఒకటే మాట అడిగారు. "మాస్టర్ సాబ్, అభివృద్ధి అంటే సర్కారు చేసేది గదా. రోడ్డేస్తరు, నల్లా పెడ్తరు. దాన్ని చదువుడేంది? చదివి ఏం జేస్తది?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం ఉన్నది. ఈ సభలో దాచకుండా చెప్తాను.

చాలా ఏండ్ల కింద నా తరగతిలో ఒక పిల్లవాడు లేచి నిలబడి, "సార్, దుబాయిలో ఎడారి ఉన్నా పని దొరుకుతది. మన దగ్గర చెరువులున్నా పని ఎందుకు దొరకదు?" అని అడిగాడు. "ఈ ప్రశ్న పరీక్షలో రాదు, కూచో" అన్నాను. తర్వాత వాడు బి.ఏ. చదువుతానంటే, "బి.ఏ. వాళ్ళకు ఉద్యోగాలెక్కడివిరా" అని నేనే వద్దన్నాను. వాడు ఏసీ మెకానిక్ పని నేర్చుకొని గల్ఫ్‌కు పోయాడు. సంపాదించాడు, చెల్లెండ్ల పెండ్లిండ్లు చేశాడు. ఆ పనిని నేను తక్కువ చేయను. కాని ఒక ఈద్‌కు వచ్చి నన్ను ఆలింగనం చేసుకొని, "సార్, నేనడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఈ శాస్త్రంలో మొదటి ప్రశ్న వాడడిగిందే. ఒక చోట సంపద ఎందుకున్నది, ఇంకో చోట ఎందుకు లేదు అన్నదే. నా చేతికి వచ్చిన విద్యార్థిని నేనే కూచోబెట్టాను.

అందుకే ఈసారి జవాబు వెతుక్కున్నాను. అదే మీ ముందు పెడుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంతో సహా ఎన్నో దేశాలు స్వతంత్రమయ్యాయి. వాటి ముందున్న ప్రశ్న ఆకలి. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వెనుకబడిన దేశాలకు సాంకేతిక సహాయం చేస్తామని ప్రకటించాడు. ఆ తర్వాత సహాయాలు, అప్పులు, పథకాలు వచ్చాయి. వాటిలో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అని పరిశీలించవలసి వచ్చింది. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం దగ్గర 1966లో దీనికోసమే ఒక సంస్థ పెట్టారు. అట్లా ఇది విశ్వవిద్యాలయాలకు ఎక్కింది.

ఇది ఇంగ్లీషువాళ్ళ చదువు, మనకెందుకు అని మీరు అనవచ్చు. కవి ఇక్బాల్‌ను మనం షాయర్‌గానే ఎరుగుదుము. ఆయన తొలి పుస్తకం కవిత్వం కాదు. 1904లో అచ్చయిన 'ఇల్ముల్ ఇక్తిసాద్' అనే అర్థశాస్త్ర గ్రంథం. పేదరికం గురించి ఉర్దూలో ఆలోచించడం అంత పాతది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో పుట్టింది. అర్థశాస్త్రం కూడా అక్కడ ఉర్దూలోనే చెప్పారు. ఎస్. కేశవ అయ్యంగార్ అనే ఆచార్యుడు 1929-30లో హైదరాబాదు సంస్థానపు పల్లెల్లో ఆర్థిక పరిశోధన జరిపి, 1949-51లో మళ్ళీ విచారించారు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే షామీర్‌పేట ఊరిని పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకం ప్రకటించారు. అంటే ఈ చదువు మన గడప దాకా వచ్చింది. మనం తలుపు తీయలేదు.

అంతకంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టారు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద అక్కడ పరిశోధన చేస్తారు. ఆ సంస్థ 1975లో ఆరు ఊర్లను ఎంచుకొన్నది. వాటిలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఊర్లు, అవురేపల్లి, దోకూరు. మిగతావి మహారాష్ట్రవి. ఒక్కో ఊళ్ళో 40 ఇండ్లు. భూమిలేని కూలీల ఇండ్లు 10, సన్నకారు, మధ్యతరగతి, పెద్ద రైతుల ఇండ్లు 30. ఒక పరిశోధకుడు ఊళ్ళోనే కాపురముండి, కొన్ని వారాలకొకసారి ఇంటింటికీ పోయి ఏం పండింది, ఏం తిన్నారు, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని దినాలు కూలి దొరికింది అని రాసుకొనేవాడు. ఏండ్ల తరబడి రాశారు.

ఆ లెక్కలను ప్రపంచంలోని అర్థశాస్త్రవేత్తలు పట్టుకుపోయారు. అమెరికాకు చెందిన రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో అవురేపల్లితో పాటు మూడు ఊర్ల లెక్కలు తీసుకొని ఒక ప్రశ్న వేశాడు. ఒక ఇంట్లో రోగమొచ్చి రాబడి పడిపోతే, ఆ ఇంటి తిండి కూడా అంతే పడిపోతుందా? లేదు. ఊరి తిండి మొత్తం ఎట్లుంటే ఆ ఇంటి తిండీ చాలావరకు అట్లనే ఉంటున్నది. ఏదో రూపంలో ఆసరా దొరుకుతున్నది. కాని ఆ మూడింటిలో ఒక ఊళ్ళో భూమిలేనివాళ్ళకు ఆ ఆసరా తక్కువని కూడా తేలింది.

ఈ మాట మన నాయనమ్మలకు తెలియనిది కాదు. బియ్యం చేబదులు అడగడానికి ఎవరి గడప తొక్కవచ్చో, ఎవరిది తొక్కరాదో వాళ్ళకు తెలుసు. కాని వాళ్ళు చెప్తే మాట, పరిశోధకుడు లెక్కగట్టి చెప్తే శాస్త్రం. తెలంగాణ పల్లె లెక్కను అమెరికాలో కూచొని చదువుతున్నారు. అట్లాంటి పల్లెలో పుట్టిన మన పిల్లలకు ఆ ఊరి పేరే తెలియదు.

ఇక తరగతిలో ఏం చెప్తారు? ఒక చిన్న ఉదాహరణ. చాయ్ హోటల్లో తొమ్మిదిమంది కూలీలు కూచున్నారనుకోండి. ఒక్కొక్కరి రాబడి రోజుకు 500 రూపాయలు. ఇంతలో రోజుకు 50,000 సంపాదించే సేఠు వచ్చి పక్కన కూచున్నాడు. ఇప్పుడు పదిమంది సగటు తీస్తే 5,450 రూపాయలు. కాగితం మీద అందరూ షావుకార్లే. కూలీల జేబుల్లో మాత్రం ఒక్క పైసా పెరగలేదు. దేశాల తలసరి ఆదాయంలోనూ ఇదే మోసం దాగి ఉంటుంది. దీన్ని సరిచేయడానికే పాకిస్తాన్ అర్థశాస్త్రవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్యసేన్ వంటివారి ఆలోచనతో 1990లో ఐక్యరాజ్యసమితి తరఫున మొదటి మానవాభివృద్ధి నివేదిక వెలువడింది. రాబడి ఒక్కటే చూడరాదు, మనుషులు ఎన్నేండ్లు బతుకుతున్నారు, ఎంత చదువుతున్నారు అన్నది కూడా కలిపి చూడాలి అన్నది ఆ కొలత.

మేలు చేయబోయిన పని కీడెట్లా అవుతుందో కూడా చదువుతారు. పొరుగున బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనుస్ పేద ఆడవాళ్ళకు చిన్న అప్పులిచ్చి గ్రామీణ బ్యాంకు నడిపారు. 2006లో ఆయనకూ, బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. అదే చిన్న అప్పు మన దగ్గర వారం వారం గల్లీలో వసూళ్ళుగా మారినప్పుడు, 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయవలసి వచ్చింది. ఒకే మందు ఒకచోట ఎందుకు పనిచేసింది, ఇంకోచోట ఎందుకు వికటించింది? ఇట్లాంటి ప్రశ్నలకు జవాబు వెతికే ఓపిక ఈ చదువు నేర్పుతుంది.

మన జిల్లాలోనే కామారెడ్డిగూడెం బందగీని తలచుకోండి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తన భూమి కోసం కోర్టులో గెలిచి, చివరికి హత్యకు గురైన పేద ముసల్మాను రైతు. 'మా భూమి' నాటకానికి ఆయన కథే ప్రేరణ. భూమి ఎవరి చేతిలో ఉన్నది అన్న ప్రశ్న తేలకుండా అభివృద్ధి ప్రశ్న తేలదని బందగీ ఏ కాలేజీకి పోకుండానే చూపించాడు. మన పిల్లలు ఆ ప్రశ్నను కాలేజీలో అడగాలి.

ఈ సంగతులన్నీ తెలుసుకొన్న తర్వాత మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయించాను. తలా నాలుగిండ్లకు పోయి, చదువు మధ్యలో ఆపిన ఆడపిల్లలు ఉన్నారా, ఉంటే ఎందుకు ఆపారు అని అడిగి నోట్‌బుక్కులో రాయమన్నాను. పేదరికమే కారణమని నేను ముందే అనుకొన్నాను. ఇన్నేండ్లుగా వేదికల మీద అదే చెప్పినవాణ్ణి. పిల్లలు రాసుకొచ్చింది చదివితే, ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు ఒకటే మాట. "ఇంటర్ కాలేజీ నుండి వచ్చే బస్సు దిగేటాళ్ళకు చీకటి పడ్తది." ఫీజు కాదు, బస్సు. ఫీజుకు మనం చందాలు పోగుచేస్తున్నాం. చీకటికి ఏం చేశాం? అడగకుండా చేసిన సహాయం అట్లనే ఉంటుంది.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనం సభల్లో చెప్పుకుంటాం. తెలంగాణలో జి. సుధీర్ అధ్యక్షతన 2015లో వేసిన కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. అవి మన బతుకుల లెక్కలు. వాటిని చదివి, తప్పుంటే తప్పని, ఒప్పుంటే ఒప్పని చెప్పగలవాళ్ళు మన ఇండ్లల్లో ఎంతమంది ఉన్నారు?

తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలకు వస్తాను. ఈ చదువుకు ఇంటర్‌లో ఫలానా గ్రూపే ఉండాలన్న నియమం సాధారణంగా లేదు. లెక్కలు వచ్చినవాళ్ళకు మేలు. మన డిగ్రీ కాలేజీల్లో ఇదే పేరుతో కోర్సు దొరకకపోయినా, బి.ఏ.లో అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం తీసుకుంటే పునాది పడినట్టే. డిగ్రీ సీట్లకు 'దోస్త్' ద్వారా, కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి 2022 నుండి జరుగుతున్న 'క్యూయెట్' పరీక్ష ద్వారా ప్రయత్నించాలి. ఉర్దూలో చదవదలచినవారికి 1998లో వెలసిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉన్నది. ఏ మాధ్యమంలో చదివినా ఇంగ్లీషు పుస్తకం చదవగలగాలి, తెలుగులో ఊరివాళ్ళతో మాట్లాడగలగాలి. రెండూ రాకపోతే ఈ చదువు కుంటిదే.

ఉద్యోగం మాట దాచను. ఒక్క బి.ఏ.తో పెద్ద కొలువు రాదు. ఎం.ఏ. దాకా పోవాలి. ఆ తర్వాత రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వంటి చోట్ల, ప్రభుత్వ పథకాల్లో, సర్వేల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, అదృష్టం, ప్రతిభ తోడైతే అంతర్జాతీయ సంస్థల్లో పని ఉన్నది. విదేశాల్లో పై డిగ్రీలు చదివే మైనారిటీ విద్యార్థుల కోసం రాష్ట్రంలో 2015లో స్కాలర్‌షిప్ పథకం పెట్టారు. దాని నియమాలు ఎప్పటికప్పుడు విచారించుకోవాలి. జీతం తొందరగా కావలసిన ఇంటికి ఇది కష్టమైన దారి. ఆ కష్టంలో సంఘం తోడుండాలి.

కాబట్టి సంఘం పెద్దలకు రెండు మనవులు. ఒకటి, ఏటా మనమిచ్చే సహాయంలో ఒక్క విద్యార్థి వంతు ఈ చదువుకు కేటాయించండి. రెండు, ఏటా ఈ సంచికలో చందాల లెక్కతో పాటు మన గల్లీల లెక్క కూడా అచ్చువేయండి. ఎంతమంది బడికి పోతున్నారు, ఎంతమంది ఆపారు, ఎందుకు ఆపారు. రాసిచ్చే పూచీ మా పిల్లలది, సరిచూసే పూచీ నాది.

ఆ అమ్మాయి తండ్రి ఈ సభలోనే కూచున్నారు. పేరు చెప్పను. ఆ రోజు మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది, భాయి. రోడ్డు వేసేది సర్కారే కావచ్చు. ఆ రోడ్డు మీద బస్సు ఏ పొద్దుకు రావాలె, ఎవరి కోసం రావాలె అని అడిగే మనిషి కావాలి. మీ బిడ్డ ఆ మనిషి అవుతానంటున్నది. ఒకసారి నేను ఒక పిల్లవాణ్ణి కూచోబెట్టి తప్పు చేశాను. ఈసారి మీరు, నేను కలిసి ఒక పిల్లను నిలబెడదాం. రేపు పొద్దున ఆమెను తీసుకొని రండి, ఫారం నేనే దగ్గరుండి నింపిస్తాను.