గాలి తీసే పని

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. హైదరాబాదు మందుల ఫ్యాక్టరీల్లో ఫ్రీజ్ డ్రయ్యర్ల దగ్గర వాక్యూమ్ పంపులు చూసుకోవడం నా పని. అంటే గాలి తీసేయడం. "గాలి తీసినందుకు కూడా జీతం ఇస్తారా బాబాయ్" అని మన ఊళ్లో పిల్లలు నవ్వుతారు. ఇస్తారు. ఈ పనికి ప్రపంచంలోకెల్లా పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను. అందులో మన పిల్లలకు సంబంధించిన సంగతి కూడా ఉంది.

అమెరికాలో లైగో అనే అబ్జర్వేటరీ రెండు చోట్ల ఉంది, హాన్‌ఫోర్డ్‌లో, లివింగ్‌స్టన్‌లో. దూరదర్శిని అనుకోకండి, దానికి ఆకాశం వైపు చూసే అద్దం లేదు. ఒక్కోచోట ఎల్ అక్షరం ఆకారంలో రెండు ఉక్కు గొట్టాలు, ఒక్కొక్కటి 4 కిలోమీటర్లు. మనిషి కాస్త వంగి నడవగలిగేంత లావు, 1.2 మీటర్లు. ఆ పొడవులో భూమి గుండ్రదనమే మీటరుకు పైగా తేడా చూపిస్తుంది కాబట్టి కింద కాంక్రీటు పోసేటప్పుడు ఆ లెక్క కూడా చూసుకోవలసి వచ్చింది. గొట్టాల్లో లేజరు కాంతి వెళ్లి అద్దాలకు తగిలి తిరిగొస్తుంది. 2015 సెప్టెంబరు 14న, 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఢీకొన్న కుదుపు ఆ కాంతిలో తెలిసింది. అద్దాల మధ్య దూరం మారింది ఎంత? ఒక ప్రోటాను కన్నా కొన్ని వందల రెట్లు చిన్న కొలత.

అంత చిన్న కదలిక పట్టాలంటే దారిలో గాలి ఉండకూడదు. గాలి అణువులు కాంతిని చెదరగొడతాయి, అద్దాలను తడతాయి, శబ్దాన్ని మోసుకొస్తాయి. అందుకని ఒక్కోచోట దాదాపు 10,000 ఘనపు మీటర్ల గాలి తోడేశారు. మన లెక్కలో పదివేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి. బయటి గాలి ఒత్తిడిలో లక్ష కోట్లో వంతు మిగిలేదాకా తీశారు, అందుకు 40 రోజులు పట్టింది.

కష్టమైనది గాలి కాదు, తేమ. ఈ సంగతి పిడుగురాళ్ల వాళ్లకు నేను చెప్పాలా? బట్టీ నుంచి తీసిన రాయి సున్నాన్ని నాలుగు రోజులు కప్పకుండా వదిలేయండి, గాలిలో తేమ తాగి దానంతటదే పొడి అవుతుంది. కల్లంలో మిరపకాయ పైకి ఎండినట్టే గలగలమంటుంది, తొడిమ దగ్గర మాత్రం తేమ దాగి ఉంటుంది. తొందరపడి బస్తాకెత్తితే బూజు. ఉక్కు కూడా అంతే. తళతళలాడే గొట్టం లోపలి గోడకు నీటి అణువులు అంటుకొని ఉంటాయి. పంపు పెట్టినా ఒక పట్టాన వదలవు, రోజుల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటాయి. అందుకే గొట్టానికి వేడి పుట్టేలా ఉక్కులోంచే కరెంటు పంపి, 150 డిగ్రీలకు పైన దాదాపు నెల రోజులు కాల్చారు. వేలిముద్ర జిడ్డు కూడా వాయువు వదులుతుంది కాబట్టి గ్లౌజులు లేకుండా ఎవరూ లోపలి భాగాన్ని ముట్టుకోరు.

తరువాతది వెల్డింగు. 20 మీటర్ల ముక్కలు ఒకదానికొకటి అతికించుకుంటూ పోవాలి. అతుకు అతుకుకీ పరీక్ష. లోపల గాలి తీసేసి, బయట హీలియం చల్లుతారు. కంటికి కనబడని సందు ఉన్నా హీలియం దూరిపోతుంది, లోపలి యంత్రం పసిగట్టేస్తుంది. మా ఫ్యాక్టరీలో చేసేదీ ఇదే, కాకపోతే మాది గది అంత, వాళ్లది ఊరంత.

కట్టాక నిశ్చింతగా కూర్చోవచ్చనుకుంటే పొరపాటు. గొట్టం చుట్టూ కప్పిన ఇన్సులేషన్‌లో ఎలుకలు కాపురం పెట్టి ఉక్కుకు తుప్పు తెచ్చిపెట్టాయి. హాన్‌ఫోర్డ్‌లో ఇంకో ముచ్చట. వేసవిలో కొలతల్లో ఎక్కడివో తెలియని టకటకలు. తీరా చూస్తే, వాక్యూమ్ విభాగానికి ద్రవ నత్రజని పెట్టే చోట పైపు మీద మంచు పేరుకుంటోంది, దాహమేసిన మాలకాకులు వచ్చి ఆ మంచును పొడుచుకు తింటున్నాయి! విశ్వం అంచుల నుంచి వచ్చే కుదుపును వినే యంత్రానికి కాకి ముక్కు కూడా వినబడింది. పైపుకు మంచు పట్టకుండా తొడుగు వేసి ఆ సమస్య తీర్చారు. నాకైతే కృష్ణబిలాల కథ కన్నా ఈ కథే ఇష్టం.

ఇదంతా మనకెందుకు అంటారా? ఇలాంటిదే మూడోది మన పక్కనే వస్తోంది. మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ దగ్గర. ఒకప్పటి నిజాం రాజ్యంలోని నేలే, నాందేడ్ దాటితే వస్తుంది. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో దాదాపు 2,600 కోట్ల రూపాయలతో ఆమోదించింది, మే 11న శంకుస్థాపన జరిగింది. అందులో వాక్యూమ్ బాధ్యత గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థది. అక్కడా నాలుగేసి కిలోమీటర్ల గొట్టాలే.

శూన్యం గురించి పదో శతాబ్దంలోనే అల్ ఫారాబీ ఒక చిన్న గ్రంథం రాశారు. గాలి తనకు దొరికిన చోటంతా వ్యాపిస్తుందని అందులో తేల్చారు. ఆయన పేరు మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, మంచిదే. కానీ గొట్టం కట్టడానికి ఒక్క ఫారాబీ చాలడు. ఆర్గాన్ వెల్డింగు వచ్చినవాడు కావాలి, ఫిట్టరు కావాలి, హీలియం పరీక్ష ఓపిగ్గా చేసే డిప్లొమా పిల్లవాడు కావాలి. నా దగ్గర పనిచేసిన మంచి వాక్యూమ్ మెకానిక్కుల్లో ఎక్కువ మంది ఐటీఐ వాళ్లే. బీటెక్ చదివిన కుర్రాళ్లు కూడా లీకు దొరక్కపోతే వాళ్లనే పిలిచేవారు.

దాతలతో ఒక మాట. మన స్కాలర్‌షిప్పులు మెడిసిన్‌కు, ఇంజనీరింగుకు వెళ్తున్నాయి, సంతోషం. పదో తరగతి తరువాత సున్నపు బట్టీకో మిరప గోడౌనుకో పనికిపోయే పిల్లవాడు ఆ జాబితాలోకి రావడం లేదు. ఐటీఐలో వెల్డరు కోర్సు ఒక్క ఏడాది, ఫిట్టరు రెండేళ్లు. ఆ కాలంలో ఇంటికి వాడి కూలి రాదు, అదే వాణ్ణి చదువు మాన్పిస్తోంది. ఫీజు కన్నా ఆ నెలనెలా కూలి సంగతే ముందు చూడాలి. పైన ఆర్గాన్ వెల్డింగు నేర్పే చోట ఇంకొన్ని నెలలు ఉంచితే చేతిలో పని ఉంటుంది. అబ్జర్వేటరీలోనే చేరతాడని నేను హామీ ఇవ్వను. మందుల ఫ్యాక్టరీలు, పాల డెయిరీలు, ఆస్పత్రుల ఆక్సిజన్ లైన్లు, అన్నిటికీ ఆ చేయి కావాలి.

వచ్చే ఏడాది దరఖాస్తు ఫారం ఇంకా ప్రెస్సుకు పోలేదని సెక్రటరీ గారు ఇందాక చెప్పారు. కోర్సుల వరసలో ఐటీఐ అని ఇంకో గడి అచ్చు వేయించండి. మొదటి ఇద్దరు పిల్లల నెల ఖర్చు నేను పెట్టుకుంటాను. మూడో పిల్లవాడి పేరు ఎవరు రాసుకుంటారో భోజనాలకు లేచేలోపు చెప్పండి.