టైరు తింటోందా?

పాత పికప్ బండ్ల ముందు చక్రాల గురించి మూడు నిమిషాలు మాట్లాడమన్నారు రేడియో వారు. ఐటీఐలో ఏళ్ల తరబడి మోటారు మెకానిక్ పాఠాలు చెప్పినవాణ్ణి, మూడు నిమిషాలు నాకు హాజరు వేయడానికే చాలవు. బండి ఉన్నవాళ్లకు కమాను కట్టలంటే ఏమిటో తెలుసు కనుక అక్కణ్ణించి మొదలుపెట్టను.

టైరు తినే తీరులోనే రోగం తెలుస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా జరిపి చూడండి. లోపలికి పోతుంటే నున్నగా, బయటికి వస్తుంటే రంపంలా గీరుకుంటే చక్రాలు ముందువైపు మరీ దగ్గరపడ్డాయన్నమాట. అదే టో-ఇన్ ఎక్కువ కావడం. తిరగేసి ఉంటే టో-అవుట్.

మా బావమరిది నూజివీడు నుంచి విజయవాడకు మామిడికాయలు తోలేవాడు. కొత్త టైర్ల జత మూడు నెలలకే తీగలు తేలింది. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాడు. రెండుసార్లూ కంప్యూటర్ కాగితం మీద అంకెలన్నీ పచ్చగానే ఉన్నాయి. చివరికి ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి పోయాం. ఆయన జాకీ పెట్టి లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది. "అబ్బాయ్, బ్రేకు తొక్కు" అన్నాడు. మళ్లీ ఊపాడు, లూజు అలాగే ఉంది. "బేరింగ్ కాదు మేస్టారూ, కింగ్ పిన్ బుష్షులు పోయాయి" అన్నాడు. బేరింగే లూజైతే బ్రేకు పట్టగానే ఆ ఊపు ఆగాలి. పిల్లలకు ఈ పాఠం చెప్పిన నాకు అది తట్టనే లేదు.

అరిగిన బుష్షుల మీద కుదిర్చిన కొలత మొదటి గుంతలోనే చెదిరిపోతుంది. చక్రం లేపి ఊపకుండా నేరుగా మిషను తగిలించే షాపులను ఏమనాలి? ఏడాదికోసారైనా గ్రీజు గన్ ముట్టుకోని ఓనర్లనూ అదే అనాలి.

బుష్షులు మార్చాక మేస్త్రి చేసిన పని ఇప్పుడెక్కడా కనబడదు. చక్రం తిప్పుతూ టైరు నడుమ సుద్ద పూసి, మేకు కదలకుండా ఆనించి సన్నని గీత తీశాడు. రిమ్ము వంకరున్నా గీత వంకరపోదు, అదీ అందులోని సొగసు. రెండో చక్రానికీ అంతే. బండి దించి, కట్టలు సర్దుకునేలా నాలుగడుగులు తోయించాడు. ఇరుసు ఎత్తులో ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి గీతకూ గీతకూ మధ్య కర్రబద్దతో కొలిచాడు. ముందు కొలత వెనకదాని కన్నా మూడు మిల్లీమీటర్లు తగ్గేదాకా టై రాడ్ తిప్పాడు.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ లాంటి బండ్లకు ముందు కమాను కట్టలుండవు, కాయిల్ స్ప్రింగులూ బాల్ జాయింట్లూ ఉంటాయి. వాటి కాంబర్, కాస్టర్ చూడ్డానికి సుద్దముక్క చాలదు, మిషను కావాల్సిందే. కాస్టర్ గురించి ఇంకా చెప్పాలనుంది గానీ, అద్దం అవతలి నుంచి గడియారం చూపిస్తున్నారు. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం కాస్టర్ చలవే.

బావమరిది ఆ తర్వాత వేసిన టైర్లతో రెండు సీజన్లు మామిడి తోలాడు.