శరత్కాలంలో కొండదారి ప్రయాణం



దసరా దగ్గర పడిందంటే మన సిరొంచ, అంకీసా, ఆసరెల్లి ఇళ్లలో ప్రయాణాల మాటలు మొదలవుతాయి. వానలు వెనకబడతాయి, ప్రాణహిత నీళ్లు తేటపడతాయి, బడులకు సెలవులు వస్తాయి. ఈమధ్య మన పిల్లలు కొందరు కాశీయాత్రతో సరిపెట్టుకోవడం లేదు. వీపున సంచి కట్టుకుని, వారం పది రోజులు హిమాలయాల్లో కాలినడకన తిరిగి వస్తామంటున్నారు. మంచి ఉత్సాహమే, కాదనకూడదు. అయితే గుట్ట కూడా లేని నది ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం, అక్కడి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకుని ఆ ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు మనకు బాగా తెలిసిన విషయం ఒకటి గుర్తు చేస్తాను. సిరొంచలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఒక్క చినుకు పడదు. అయినా తెల్లవారేసరికి ప్రాణహిత గట్టెక్కి ఉంటుంది. ఎందుకు? వైనగంగ ఎక్కడో మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లాలో పుడుతుంది. వార్ధా నది బేతుల్ జిల్లాలో పుడుతుంది. ఆ రెండూ చప్రాళ దగ్గర కలిసి ప్రాణహితగా మన దగ్గరికి వస్తాయి. అక్కడ కురిసిన వాన ఇక్కడ వరద అవుతుంది. అందుకే మన పెద్దవాళ్లు తలమీది ఆకాశాన్ని చూసి ఊరుకోరు. "పైన ఎట్లా ఉంది, గోసీఖుర్ద్ గేట్లు ఎత్తారా?" అని అడుగుతారు. కొండలకు వెళ్లేవాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠం కూడా ఇదే.

సాధారణంగా నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లడం మొదలుపెట్టి, అక్టోబరు 15 నాటికి దేశం మొత్తంనుంచి తప్పుకుంటాయి. హిమాలయాల్లో అక్టోబరు నడకకు మంచి నెల అనడానికి కారణం ఇదే. గాలి తేటగా ఉంటుంది, శిఖరాలు కనిపిస్తాయి, దారులు ఆరి ఉంటాయి. కాని సరిగ్గా అదే సమయంలో బంగాళాఖాతంలో తుపానుల కాలం మొదలవుతుంది. కొండమీద నడిచేవాడికి సముద్రంతో పనేమిటి అని మీరు అడగవచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ నగరం ఎంత నష్టపోయిందో తెలుగువాళ్లందరికీ జ్ఞాపకమే. తీరం దాటాక అది బలహీనపడిందని మనం ఊపిరి పీల్చుకున్నాం. కాని దాని తేమ అంతా మన పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగిపోయింది. రెండు రోజుల తర్వాత, అక్టోబరు 14న, విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో నేపాల్ కొండల్లో అది మంచు తుపానుగా కురిసింది. 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ కనుమ దాటి, మన భక్తులకు తెలిసిన ముక్తినాథ్ వైపు దిగుతున్నవాళ్లు ఆ మంచులో దారి తప్పారు. ఆ విపత్తులో నలభైమందికి పైగా మరణించారు. విశాఖలో తుపాను వచ్చిన సంగతి లోకమంతటికీ తెలుసు. కొండదారిలో ఉన్నవాళ్లలో చాలామందికి మాత్రం ఆ హెచ్చరిక అందలేదు.

ఇది ఒక్కసారి జరిగినది కాదు. 2021 అక్టోబరులో, రుతుపవనాలు వెళ్లిపోయాక, ఉత్తరాఖండ్‌లో పడమటినుంచి వచ్చిన అలజడీ, అల్పపీడనం తెచ్చిన తేమా కలిసి కుండపోతగా కురిశాయి. ముక్తేశ్వర్‌లో ఒక్క రోజులోనే 340 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారంలో లమ్‌ఖాగా కనుమ దారిలో నడుస్తున్న బృందం మంచులో చిక్కుకుని, కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఇక మన ఏర్పాట్లకు వద్దాం. మనం చెన్నూరు మీదుగా మంచిర్యాలకో, అల్లాపల్లి మీదుగా బల్లార్షాకో వెళ్లి ఢిల్లీ బండి ఎక్కాలి. పండగ రోజుల్లో సీటు దొరకాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజే, అంటే 60 రోజుల ముందే, టికెట్టు తీసుకోవాలి. రానూ పోనూ రెండు టికెట్లూ తీసుకుంటాం. వాతావరణ శాఖ సూచనలో గట్టిగా నమ్మదగినది నాలుగైదు రోజుల లెక్క మాత్రమే. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే ప్రమాదమంతా ఉంది. ఆకాశం మూసుకొచ్చినా, "ఎల్లుండి బండి అందుకోవాలి, ఇవాళ కనుమ దాటాల్సిందే" అని బయలుదేరతాం. అప్పుడు మనల్ని నడిపించేది కాళ్లు కాదు, జేబులోని తిరుగు టికెట్టు.

అందువల్ల నడక ఆరు రోజులదైతే తొమ్మిది రోజులు కేటాయించండి. ఒక రోజు ఎత్తుకు అలవాటు పడడానికి, రెండు రోజులు వానకో మంచుకో. ఆ రెండు రోజులూ మిగిలిపోతే నష్టమేమీ లేదు, దిగువ ఊళ్లో విశ్రాంతి తీసుకోండి. అన్ని రోజుల సెలవు లేదంటారా? అప్పుడు ఎత్తైన కనుమలు లేని చిన్న దారి ఎంచుకోండి. సెలవు తక్కువైనప్పుడు కొయ్యవలసింది దారిని, విశ్రాంతిని కాదు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. సిరొంచలో 30 డిగ్రీలున్న రోజున నాలుగు వేల మీటర్ల ఎత్తున అయిదు డిగ్రీలుంటే అది మంచి పగలే అనుకోవాలి. రాత్రి నీళ్లు గడ్డకడతాయి. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి ఎక్కకూడదు. అవి తగ్గకపోయినా, నడక తూలినా వెంటనే కిందికి దిగాలి.

బట్టల సంగతి. మనకు అలవాటైన నూలు బట్టలు, జీన్సు ప్యాంట్లు తడిస్తే ఆరవు, ఒంటిలోని వేడిని లాగేస్తాయి. వానలో గొర్రెలు కాసేవాళ్లు భుజాన గొంగడి ఎందుకు వేసుకుంటారో ఆలోచించండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఉన్ని బనీను, ఉన్ని సాక్సులు, పైన గాలీ నీళ్లూ ఆపే కోటు ఉండాలి. రాత్రి వేసుకునే ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఏం జరిగినా పగలు విప్పకండి. నడుమ తినడానికి అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం చాలు. చలిలో దాహం తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగాలి.

బయలుదేరే ముందు ఐదు రోజులనుంచీ రెండు సూచనలు వినండి. ఒకటి మీరు వెళ్లే కొండ జిల్లాది, రెండోది బంగాళాఖాతానిది. అల్పపీడనం మాట వినపడితే కనుమ దాటే రోజును వెనక్కి జరపండి. దారిలో ఫోను పనిచెయ్యదు కనుక, చివరి ఊళ్లోనే అడిగి తెలుసుకోవాలి. మధ్యాహ్నం దాటాక కొండలమీద మబ్బూ గాలీ పెరుగుతాయి. అందుకే తెల్లవారుజామునే లేచి, మధ్యాహ్నంలోగా కనుమ దాటాలి. ఫలానా గంటకు అక్కడికి చేరకపోతే ఎక్కడున్నవాళ్లం అక్కడినుంచే వెనక్కి, అని ముందురోజు రాత్రే అందరూ ఒప్పుకోవాలి. దారి చూపే స్థానికుడు వద్దంటే వాదించకూడదు. ఏ దారిన వెళుతున్నదీ, ఏ తేదీకల్లా ఫోను చేస్తారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. తల్లిదండ్రులకు అంతకంటె ధైర్యం లేదు.

గోదావరి మీద వంతెన రాకముందు సిరొంచనుంచి కాళేశ్వరం వెళ్లాలంటే పడవే గతి. నది పోటుమీద ఉన్నప్పుడు పడవ నడిపే ఆయన నీళ్లవంక చూసి, "ఇవాళ వద్దు, రేపు చూద్దాం" అనేవాడు. అవతలి ఒడ్డున పెళ్లి ఉన్నా సరే, జనం మూటలు దించుకుని రావిచెట్టు కింద కూచునేవాళ్లు. ఆయనను పిరికివాడని ఎవరూ అనలేదు. మర్నాడు ఆయన పడవలోనే దాటారు.

కొండ ఎక్కడికీ పోదు, టికెట్టు మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ పడవ మనిషి మాట మీ సంచిలో వేసుకుని వెళ్లండి. క్షేమంగా వెళ్లి లాభంగా రండి.