కొండల్లో తప్పిపోయిన మనిషి కోసం



2015 మార్చి 24. చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఆండీస్ పర్వతాల్లో మన తెలుగువాడొకాయన ఒంటరిగా శిఖరానికి బయలుదేరాడు. పేరు మల్లి మస్తాన్ బాబు. సొంతూరు నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం. చదువుకున్నది మన ఉత్తరాంధ్రలోనే, విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కి వచ్చిన మనిషి. ఈసారి ఎక్కబోయిన సెర్రో త్రెస్ క్రూసెస్ ఎత్తు 6,700 మీటర్ల పైమాటే. ఆ రోజు తర్వాత ఆయన దగ్గర్నుంచి కబురు లేదు.

కబురు లేదని తెలియగానే ఇంటివాళ్లు, చిన్ననాటి స్నేహితులు, ఆయనతో కొండలెక్కినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కదిలారు. రాత్రింబవళ్లు ఫోన్ల మీదే కూర్చున్నారు. మన విదేశాంగ శాఖను కదిలించారు. అక్కడి పర్వతారోహకులు, సహాయక దళాలు వెతకడానికి దిగాయి. వాతావరణం మొరాయించింది. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం కనబడింది. అదే నెల 25న స్వగ్రామంలో అంత్యక్రియలు జరిగాయి.

ప్రాణం దక్కలేదు కదా, మరి అంత వెతుకులాట దేనికి అని అడిగేవాళ్లున్నారు. మనిషి ఏమయ్యాడో తెలియని ఇల్లు ఎలా ఉంటుందో మన తీరం ఊళ్లకు తెలుసు. వేటకెళ్లిన పడవ తిరిగి రాకపోతే ఆ ఇంట్లో దినం చెయ్యాలో, ఎదురుచూడాలో తెలియదు. పండక్కి వండుకోవాలో వద్దో తెలియదు. వెతికి తెచ్చి అప్పగించడం ఆ ఇంటికి చేసే పెద్ద ఉపకారం.

పర్వత ప్రాంతాల్లో ఈ పనిని ఒక విద్యగా నేర్చుకుని, జీతం లేకుండా చేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. బ్రిటన్‌లో కొండల కింద ఊళ్లలోని బడిపంతుళ్లు, రైతులు, దుకాణదారులే రక్షణ బృందాలు. పిలుపు రాగానే చేతిలో పని వదిలి బయలుదేరతారు. కాపాడినందుకు పైసా పుచ్చుకోరు. అమెరికాలో ఇలాంటి బృందాలు 1959లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. మన దేశంలో ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ గాలింపు, రక్షణలో ప్రత్యేక శిక్షణ ఇస్తుంది.

ఇక మన సంగతి. పలాస, మందస వైపు నిలబడి చూస్తే మహేంద్రగిరి కనబడుతూనే ఉంటుంది. ఒడిశాలో ఉన్నా మనకూ అది పుణ్యక్షేత్రమే. ఎత్తు 1,501 మీటర్లు. శివరాత్రికి మన వైపు నుంచీ జనం ఎక్కుతారు. కింద మన ఉద్దానం ప్రాంతంలో జీడితోటలు. జీడిచెట్టు కొమ్మలు నేలకు వాలి ఉంటాయి, మిట్టమధ్యాహ్నం కూడా వాటి కింద చీకటే. పైగా ఎలుగుబంట్ల భయం. ఇలాంటి చోట పొద్దుగూకాక ఒక ముసలాయన ఇంటికి రాలేదంటే ఏం చెయ్యాలి?

ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని తోటల్లోకి పరుగెత్తుతుంది. మంచి మనసుతోనే. కానీ ఆ మనిషి ఎటు వెళ్లాడో చెప్పే గుర్తులన్నీ ఆ పరుగులోనే చెరిగిపోతాయి. ఉద్దానం ఇసక నేల అడుగుజాడను చక్కగా పట్టి ఉంచుతుంది. అందుకని ఆయన్ని చివరిసారి చూసిన చోటికి ముందు ఇద్దరే వెళ్లాలి. జాడ దొరికితే చుట్టూ పుల్లలు పాతి, ఎవరూ తొక్కకుండా చూడాలి. ఒక చీపురు పుల్లతో అడుగు పొడవు కొలిచి, అక్కడికి విరవాలి. ఒక అడుగు నుంచి రెండో అడుగుకు ఎంత దూరమో ఇంకో పుల్ల మీద గుర్తు పెట్టాలి. ముందు జాడ కనబడకపోతే ఆ రెండో పుల్లను చివరి అడుగు దగ్గర ఆనించి, నెమ్మదిగా చాపంలా తిప్పాలి. తరవాతి అడుగు దాని కొస దగ్గరే ఎక్కడో ఉంటుంది. ప్రపంచమంతా జాడ పట్టేవాళ్లు వాడే పద్ధతి ఇదే.

ఇంకొందరు ఇంటి దగ్గర కూర్చుని వివరాలు రాబట్టాలి. ఏ బట్టలు, ఏ చెప్పులు, చూపు ఎలా ఉంది, ఏ మందులు వాడతాడు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఇంకో ప్రశ్న తప్పనిసరి: ఆ జబ్బు ఉందా, డయాలసిస్ ఎప్పుడు? ఆ జవాబును బట్టి ఎంత వ్యవధి ఉందో తేలుతుంది.

పిలిచే తీరు కూడా ఉంది. అందరూ కలిసి అరిస్తే జవాబు వినబడదు. ఒకసారి పిలిచి, నిమిషం పాటు అందరూ నిశ్శబ్దంగా ఉండాలి. తప్పిపోయిన చిన్నపిల్లలు కొత్త గొంతులకు భయపడి దాక్కోవచ్చు. అమ్మ గొంతుతో, ముద్దుపేరుతో పిలవాలి.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు సుఖోయ్ విమానాలు ఎగిరాయి, ఉపగ్రహాల సాయం తీసుకున్నారు. మర్నాడు ఉదయం పావురాలగుట్ట మీద శకలాలు కనబడ్డాయి. ఆకాశం నుంచి వెతికే సాధనాలు అన్ని ఉన్నా, అడవి దారులు తెలిసిన చెంచులూ గాలింపులోకి దిగారు. మన కొండల్లో ఆ తెలివి సవర సోదరుల దగ్గర ఉంది. ఏ గెడ్డ ఎక్కడ జారుతుందో, ఏ దారి ఎక్కడ మూసుకుపోతుందో వాళ్లకు తెలుసు. ఉద్దానంలో గాలింపు దళమంటూ ఏర్పడితే అందులో మొదటి పేర్లు వాళ్లవే కావాలి, పిలిచినప్పుడు కూలి నష్టపోకుండానూ చూడాలి.

మన ఊళ్లకు చేవ లేక కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్నే తాకింది. చెట్లు కూలి దారులన్నీ మూసుకుపోయినప్పుడు గొడ్డలి పట్టి బాట చేసుకున్నది ఊళ్లవాళ్లే. ఆ చేవకు శిక్షణ తోడు కావాలి, అంతే.

మనిషి తప్పిపోతే 24 గంటలు ఆగి ఫిర్యాదు చెయ్యాలన్న మాట నమ్మకండి. అలాంటి నియమం లేదు. పిల్లలు కనబడకపోతే వెంటనే కేసు నమోదు చెయ్యాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. అత్యవసర నంబరు 112. సముద్రంలో ఆపద అయితే తీర రక్షక దళం నంబరు 1554.

కొండకు వెళ్లేవాళ్లకు ఒక మనవి. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్లండి. జేబులో ఒక ఈల ఉంచుకోండి. దారి తప్పితే గెడ్డ వెంట దిగిపోకండి, ఎక్కడున్నారో అక్కడే ఉండండి. నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వెయ్యండి. వినబడినవాళ్లు మూడుసార్లు వేసి జవాబిస్తారు. యువజన సంఘాల పెద్దలూ, వచ్చే శివరాత్రి లోపు మీ ఊళ్లో పదిమందికైనా ఈ పని నేర్పించండి.