మొండికేసిన నట్టు



శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువకు నీళ్లు వదిలారంటే కరీంనగర్ పల్లెల్లో ట్రాక్టరుకు ఊపిరి సలపదు. కరిగెట చేయాలి, అందుకు ఇనుప కేజ్‌వీల్స్ ఎక్కించాలి. సరిగ్గా అప్పుడే చక్రం నట్టు రానంటుంది. ఆ వారంలో మిస్త్రీ దొరకడు. తొందరపడి స్టడ్డు విరగ్గొట్టుకుంటే బండి రెండు మూడు రోజులు పడుకుంటుంది, మడిలో నారు ముదురుతుంది. అటు ఆదిలాబాదు నల్లరేగడి చేలల్లో తిరిగే బండ్లకూ ఈ బాధ తప్పదు. రేగడి మట్టి నట్ల సందుల్లో దూరి, తడిని పట్టుకుని కూర్చుంటుంది.

మన ఊళ్లలో ఇంకా నడుస్తున్న పాత బండ్లను తలచుకోండి. మహీంద్రావారు విదేశీ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన బి-275 ఒకటి. 1971 నుండి పింజోరులో తయారైన హెచ్.ఎం.టి. జీటర్ మరొకటి. ఆ హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కాబట్టి ఇటువంటి బండ్ల విడిభాగాలు అడిగిన వెంటనే దొరుకుతాయనుకోవద్దు. ఉన్న స్టడ్డును కాపాడుకోవడమే లాభం.

నట్టు ఎందుకు పట్టుకుపోతుంది? ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య అంత చోటు లేదు గదా! అందుకని ఆ తుప్పే చీల కొట్టినట్టు బిగుసుకుంటుంది. అప్పుడు మనవాళ్లు చేసేదేమిటి? పానాకు నాలుగడుగుల గొట్టం తొడిగి, దాని కొసన ఒక మనిషి ఎక్కి నిలబడతాడు. అరవై కిలోల మనిషి అనుకోండి, మీటరు పొడవు కడ్డీ కొసన 73 కిలోలు వేలాడదీసినంత మెలిక అది. 16 మిల్లీమీటర్ల మామూలు స్టడ్డును బిగించడానికి సుమారు 20 కిలోల మెలిక చాలు. మిగిలినదంతా ఏమవుతుందో మీరే ఊహించుకోండి. తుప్పు వదలకముందే స్టడ్డు తెగుతుంది.

రాజీవ్ రహదారి మీద, నిర్మల్ దగ్గరి జాతీయ రహదారి మీద టైర్ల షాపుల్లో గిర్రుమంటూ నట్లు ఊడదీసే గన్ను మీరు చూసే ఉంటారు. దాని పేరు ఇంపాక్ట్ రెంచి. కొన్ని గాలితో నడుస్తాయి, కొన్ని బ్యాటరీతో. లోపల ఒక సుత్తి వంటి బరువు తిరుగుతూ ఉంటుంది. నట్టు కదలనప్పుడు ఆ బరువు జారి, మళ్లీ తిరిగి వచ్చి కొడుతుంది. అలా నిమిషానికి వందల దెబ్బలు, కొన్నింటిలో వేలు. గొట్టం లాగే లాగుడు ఆగకుండా స్టడ్డును మెలిపెడుతుంది. గన్ను దెబ్బ క్షణకాలమే ఉంటుంది, తుప్పును అదరగొట్టి పొడి చేస్తుంది. అందుకే మొండి నట్టుకు ఇదే మేలు. అయితే గన్ను చేతికొచ్చింది గదా అని వెంటనే నొక్కవద్దు. పెద్ద గన్ను కూడా స్టడ్డు విరగ్గొట్టగలదు.

ముందురోజు సాయంత్రమే బురద కడిగి, బయటికి కనిపించే మరలకు వైరు బ్రష్షు కొట్టండి. తుప్పు వదిలించే నూనె పోసి, నట్టు పక్కల సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేయండి. రాత్రంతా నాననివ్వండి. తెల్లవారి చక్రం నేలమీద ఉండగానే, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, గన్నును ఐదారు సెకండ్లు నడపండి. కదలకపోతే ఒక్క క్షణం బిగించే వైపు, మళ్లీ విప్పే వైపు. అప్పటికీ రాకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఓపిక.

సాకెట్టు మాట మరువవద్దు. గన్నుకు మందంగా, నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్టే వాడాలి. మెరిసే మామూలు సాకెట్టు పగిలి ముక్క కంట్లో పడవచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి. బ్రిటిషు, అమెరికా నమూనాల పాత బండ్లలో చాలావరకు అంగుళాల కొలత ఉంటుంది. ముప్పావు అంగుళం నట్టుకు 19 మిల్లీమీటర్ల సాకెట్టు దాదాపు సరిపోతుంది. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల నట్టుకు 22 పట్టదు, 24 వదులవుతుంది. వదులు సాకెట్టుతో గన్ను కొట్టారా, మూలలు అరిగి నట్టు గోళీకాయ అవుతుంది.

పాత విల్లీస్ జీపు ఉన్నవారికి ఒక్క మాట. దాని ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. కుడి వైపు విప్పినట్టే అటూ తిప్పితే విప్పుతున్నామనుకుని బిగిస్తూ కూర్చుంటాం!

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. గ్యాసు మంటతో నట్టును కాలిస్తే వస్తుందని కొందరంటారు. టైరు రిమ్ము మీద ఉన్నంతవరకు మంట అనేదే దగ్గరికి రానివ్వవద్దు. గాలి తీసేశాం గదా అనీ అనవద్దు. వేడికి లోపలి రబ్బరు నుండి పుట్టిన వాయువు అంటుకుని టైరు బాంబులా పేలుతుంది. దానివల్ల మనుషులు చనిపోయారు.

ఇక బిగించేటప్పుడు గన్నును పక్కన పెట్టండి. అది ఎంత బిగించిందో చెప్పదు. ఒక నట్టు అతిగా బిగిస్తుంది, మరొకటి వదులుగా వదిలేస్తుంది. మొదట చేత్తో తిప్పి, తరువాత ఎదురెదురు నట్ల వరుసలో, చివర లెక్క చూపే టార్క్ రెంచితో సర్వీసు పుస్తకంలో ఉన్న కొలతకు బిగించాలి. (ఆ పుస్తకం ఎలుకలు కొరికి ఉంటే డీలరును అడగండి.) మరలకు గ్రీజు పూయడం చాలామందికి అలవాటు. పుస్తకం పూయమంటే తప్ప వద్దు. గ్రీజు ఉన్నప్పుడు అదే కొలతకు బిగించినా స్టడ్డు మీద లాగుడు ఎక్కువవుతుంది. మొదటి రోజు దున్నకం అయ్యాక ఒకసారి మళ్లీ చూడండి, చక్రం కూర్చున్న కొద్దీ నట్లు వదులవుతాయి.

కరిగెట ముగిసి కేజ్‌వీల్స్ దించిన రోజునే రిమ్ము, స్టడ్లు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అరగంట పని. యాసంగికి మళ్లీ విప్పేటప్పుడు గన్ను లేకుండా పానాతోనే పని అయిపోవచ్చు.