అసలు భద్రం, ఆ తర్వాతే కత్తెర

(షోలాపూర్‌లో వీడియో పని కొత్తగా నేర్చుకుంటున్న కార్మికుల తరగతిని ప్రారంభిస్తూ యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. కనుక పెద్ద ఉపోద్ఘాతం పెట్టను. నేను స్పిన్నింగ్ మిల్లులో రింగు ఫ్రేముల దగ్గర పనిచేసినవాణ్ణి. చదువు పదో తరగతి. కంప్యూటరు మాస్టర్ని కాను. ఈ వీడియో పని ఈ వయసులో మా అమ్మాయిని, మన ఆఫీసు కుర్రాళ్లను అడిగి అడిగి నేర్చుకున్నాను. అందుచేత మొదట నేను చేసిన తప్పు చెబుతాను. అది మీరు చేయకుండా ఉంటే ఈ తరగతి సగం సఫలమైనట్టే.

కొంతకాలం కిందట ఒక టవల్ కార్ఖానాలో ప్రమాదం జరిగింది. మరమగ్గం మోటారు బెల్టుకు జాలి లేదు. మన సభ్యుడొకరి చేయి అందులో పడి రెండు వేళ్లు పోయాయి. మరునాటికల్లా యజమాని జాలి బిగించి, "ఇది మొదటినుంచీ ఉన్నదే, వాడే తీశాడు" అన్నాడు. అయితే ప్రమాదం జరిగిన పూటే ఒక తమ్ముడు ఫోనులో ఆరు నిమిషాల వీడియో తీశాడు. జాలి లేని బెల్టు, కింద మరకలు, ఎదురు గోడ మీద గడియారం, అన్నీ అందులో ఉన్నాయి. "ఆరు నిమిషాలు ఎవరు చూస్తారు, ఒక నిమిషం చెయ్యి" అని అతనికి చెప్పింది నేనే. అతను కోశాడు, పాట కలిపాడు, ఎర్ర అక్షరాలు పెట్టాడు. ఫోనులో జాగా లేక అసలు వీడియో తుడిచేశాడు.

ఆ ఒక్క నిమిషం ఊరంతా తిరిగింది. మనం సంతోషించాం. చర్చల నాడు యాజమాన్యం తరఫు వకీలు ఒకే ప్రశ్న వేశాడు: "మిగతా అయిదు నిమిషాల్లో ఏముంది?" మన దగ్గర జవాబు లేదు. గోడ గడియారం కోసేసిన భాగంలో పోయింది. చివరికి మనం అడిగిన పరిహారంలో సగం కూడా రాలేదు. ఆ సభ్యుడు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా బరువుగా ఉంది.

అందుకే ఏ పనిముట్టు మంచిదని అడిగేముందు ఒక నియమం రాసుకోండి. అసలు వీడియోను ఎవరూ ముట్టరాదు. తీసిన రోజే దాన్ని ఆఫీసు కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచాలి. తేదీ, సమయం, స్థలం, తీసినవారి పేరు రిజిస్టరులో ఎక్కించాలి. తీసిన ఫోనులో కూడా అది ఉండనివ్వాలి. కత్తెర పెట్టేది నకలుకు మాత్రమే.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 63వ సెక్షను ప్రకారం ఫోను, కంప్యూటరు రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో రవ్వంత మారినా ఆ విలువ మారిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది కుదించి పంపుతుంది. అవతలివాళ్లకు చేరేది అసలు కాదు. అసలు పంపవలసి వస్తే డాక్యుమెంట్ అనే దారిలో పంపండి.

ఇక పనిముట్ల సంగతి. మిల్లులో కొత్తగా చేరిన కుర్రాడికి జాబర్ తన పెట్టె మొత్తం ఇవ్వడు. మొదట తెగిన దారం అతకడం నేర్పిస్తాడు. ఇక్కడా అంతే. మనకు కావలసిన పనులు నాలుగు: ముందూ వెనకా అనవసరమైనది కోయడం, రెండు ముక్కలు కలపడం, మాటలు రాయడం, మన గొంతు జతచేయడం. ఈ నాలుగూ తేలికగా చేసేదే మనకు మంచిది. నాలుగు వందల తళుకులున్నదానితో మనకు పనిలేదు.

కొత్తవాళ్లు ఏ యాప్ తీసుకున్నా అయిదు పరీక్షలు పెట్టండి.

మొదటిది, మీ చేతిలో ఉన్న ఫోనులోనే నడవాలి. వేరే ఫోను కొనమనే పనిముట్టు మనది కాదు. ఇంటర్నెట్ ఆపేసి చూడండి. కోయడం, దాచడం అప్పుడు కూడా జరగాలి.

రెండోది, తెలుగు అక్షరం. "స్త్రీ" అని ఒక్క మాట రాసి చూడండి. ఒత్తులు విడిపోయి గుడి ఒకచోట, వత్తు ఒకచోట పడితే ఆ యాప్ మన పనికి రాదు. ఇక్కడ మన పక్క మగ్గం మీద పనిచేసేది మరాఠీ సోదరుడు. కనుక మరాఠీ మాట కూడా రాసి చూడండి.

మూడోది, ముద్ర. కొన్ని యాప్‌లు ఉచితం అంటూనే మన వీడియో మూల తమ పేరు అచ్చువేస్తాయి. కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ ఉచిత రూపాల్లో ఇది ఉంది. ఇన్‌షాట్‌లో ప్రకటన చూస్తే ఆ ముద్ర తీసే వీలుంది. మొదట పది సెకన్ల వీడియో చేసి, దాచి, తెరిచి చూసుకోండి.

నాలుగోది, డబ్బు. "మూడు రోజులు ఉచితం" అని చెప్పి యూపీఐ ఆటోపే అడిగేవి ఉన్నాయి. ఆ మీట నొక్కవద్దు. నెల నెలా మీ ఖాతాలోంచి కోత పడుతుంది. జీతంలో కోతలు మనకు చాలవా?

అయిదోది, అనుమతులు. వీడియో కోసే యాప్‌కు మీ ఫోన్ నంబర్ల జాబితా ఎందుకు? మీరు ఎక్కడున్నారో ఎందుకు? అడిగితే ఇవ్వవద్దు. ఇవ్వకపోతే నడవనంటే తీసేయండి. ఏ యాప్‌నూ శాశ్వతం అనుకోవద్దు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తో పాటు వీవా వీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. సగం చేసిన పని యాప్ లోపలే ఉంచుకునే అలవాటు ఉంటే ఇలాంటప్పుడు చేతులు కాలతాయి. పూర్తయిన వెంటనే గ్యాలరీలోకి తీసి దాచుకోండి.

ఈ పరీక్షలు పెట్టి చూసి నేను చెప్పేది ఇది. కోయడమే పని అయితే కొత్త యాప్ అక్కరలేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ ఫొటోస్ చాలు, కోసిన దాన్ని వేరే కాపీగా దాచుతుంది. కలపడం, రాయడం, గొంతు చేర్చడం కావాలంటే వీఎన్ అనే యాప్‌తో మొదలుపెడదాం. మన ఆఫీసులో వాడి చూసినప్పుడు ముద్ర పడలేదు. ఐఫోను ఉన్నవాళ్లకు ఐమూవీ ఉంది. కంప్యూటరు మీద అయితే పాత మూవీ మేకర్ కోసం వెతకవద్దు. 2017లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. ఆ పేరుతో ఇప్పుడు దొరికేవి నమ్మదగినవి కావు. విండోస్ 11లో క్లిప్‌చాంప్ వస్తుంది. షాట్‌కట్, ఓపెన్‌షాట్ పూర్తిగా ఉచితమైనవి. డావిన్సీ రిజాల్వ్ గొప్పదే, ఉచిత రూపమూ ఉంది, కానీ దానికి బలమైన కంప్యూటరు కావాలి, నేర్చుకోను నెలలు కావాలి. అది తర్వాతి మాట.

అయితే అందరం ఒకే యాప్ పట్టుకుందాం. పదిమంది పది రకాలు పట్టుకుంటే ఒకరికి చిక్కు వస్తే మరొకరు విప్పలేరు. పక్కవాడికి ఒక సాయంత్రంలో నేర్పగలిగిందే మనకు సరైన పనిముట్టు.

మన షెడ్ల సంగతి మీకు తెలుసు. మగ్గాల చప్పుడులో తీసిన మాట ఎవరికీ వినబడదు. కనుక బొమ్మ షెడ్డులో తీయండి, మాట ఆఫీసు గదిలో కూర్చుని రికార్డు చేసి జతచేయండి. సినిమా పాటలు కలపవద్దు. హక్కుదారులు ఫిర్యాదు చేస్తే వీడియోనే తీసేస్తారు. పైగా దెబ్బతిన్న మనిషి మాట కన్నా పాట పెద్దదా?

ముఖాల విషయంలో మరీ జాగ్రత్త. ముఖం మీద బొమ్మ అతికిస్తే, మనిషి కదిలినప్పుడు అది పక్కకు జారి ముఖం బయటపడుతుంది. బదిలీ కార్మికుని ముఖం ఒక్క క్షణం కనబడినా మరునాడు అతనికి పని దొరకకపోవచ్చు. వెనకనుంచి తీయండి, చేతులు తీయండి, ముందుగా అడిగి తీయండి. నడుస్తున్న మగ్గం మీద వంగి ఎవరూ ఫోను పట్టవద్దు. ప్రమాదం చూపించబోయి ప్రమాదంలో పడవద్దు.

ఈ రోజు పని చిన్నది. ప్రతి ఒక్కరూ ఒక నిమిషం వీడియో తీయండి. అసలును ఆఫీసు కంప్యూటరులో ఎక్కించి రిజిస్టరులో రాయండి. తర్వాత నకలును 30 సెకన్లకు కోసి, మీ ఖాతా పేరు తెలుగులో రాసి చూపించండి. రిజిస్టరులో రాయనివారి వీడియో నేను చూడను. ఈ నియమం మొదట నాకే వర్తిస్తుంది.

వేళ్లు పోయిన మన సభ్యుడు కూడా ఈ తరగతికి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. రిజిస్టరు చూసే బాధ్యత తానే తీసుకుంటానన్నాడు. అతని చేతికే ఇస్తున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!